ఎవరిదీ కాని పేరు

“మీనాతో కాదబ్బయ్యా, మినాతో. దీర్ఘం తీయగాకు. మీనా యెవురో, ఆయమ్మితో మనకేం పని? ఆ నవ్వు ఆపి చెంబు ఇట్లియ్యి.”

లింబాద్రి నవ్వు ఆపలేదు గానీ చెంబు అందించాడు. ఒమన్‌లోని సమాయిల్ బజారు వెనక సందులో, రెండు గదుల ఇంటి ముందున్న గచ్చు మీద రామసుబ్బమ్మ కాళ్ళు బారచాపి కూర్చుంది. ఆ కాళ్ళ మీద ఒళ్ళంతా నూనె పట్టించిన మనవడు బోర్లా పడుకుని, వీపున వేడినీళ్ళు పడ్డప్పుడల్లా మూలుగుతున్నాడు. కోడలు అంజలి లోపల నిద్రపోతోంది. కొడుకు రామాంజనేయులు రుసైల్ ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయాడు.

“గిదేం పేరే పెద్దవ్వా! దేవుని పేరు గాదు, తాత పేరు గాదు. మా దిక్కయితే గుట్ట మీది సామి పేరు పెట్టుకుంటం, అయిపాయె.”

“అవును, లింబాద్రీ అని కేకేస్తే మీ ఊర్లో సగంమంది తిరిగి చూస్తారంట గదా.”

“చూస్తరు మల్ల.”

“చూసి ఏం చేస్తారు?”

“ఏం జేస్తరు? ఎవ్వల్నిర పిలిచింది అని అడుగుతరు.”

“అదృష్టవంతులు నాయనా. మా కాడ పేరు పెట్టి కేకేస్తే, తిరిగి చూసినోడు ఇంటికి రాడు.”

లింబాద్రి నవ్వు అక్కడ ఆగింది. అతను సమాయిల్ తోటల నుంచి ఖర్జూరం లోడు రుస్తాఖ్‌కు తోలే డ్రైవరు. ఆ దారిన పోయిన ప్రతిసారీ బండి సందు మొదట్లో ఆపి ఇక్కడ రెండు ముద్దలు తిని పోతాడు. ఊరు వేరు, జిల్లా వేరు, మాట వేరు. అయినా రామసుబ్బమ్మకు అతనంటే ఇష్టం. ఒక మాట అడిగి నోరు మూసుకుంటాడు. చెప్పేది పూర్తయ్యేదాకా ఫోన్ తీయడు. ఇప్పుడూ అంతే. ఆమె కనుబొమ్మ మీద అంటించిన పట్టీనీ, దాని కింద నల్లగా ఉబ్బిన కంటినీ చూసి కూడా, వాటి సంగతి వదిలి వేరేది అడిగాడు.

“ఇంతకు ఆ పేరుకు అర్థమేంది పెద్దవ్వా?”

“రేవు.”

“ఏంది?”

“రేవప్పా. ఓడలొచ్చి నిలబడే తావు. జపానోళ్ళ మాట.”

సముద్రం అనేది ఒకటుందని రామసుబ్బమ్మకు ఒమన్ వచ్చేదాకా కళ్ళతో తెలియదు. కడప జిల్లాలో, బావుల్లో కూడా నీళ్ళు కనపడని ఊరు ఆమెది. ఇక్కడ మొదట అరబ్బుల ఇండ్లల్లో పని చేసింది. తర్వాత మస్కట్‌లో హోషినో అనే జపాను ఇంజనీరు ఇంట్లో వంటకూ, పిల్లవాడిని చూసుకోవడానికీ కుదిరింది. ఆయన సముద్రపు నీళ్ళను తాగే నీళ్ళుగా చేసే ప్లాంటులో పని చేసేవాడు. పిల్లవాడికి అప్పుడు మాటలు వస్తున్నాయి. వాడి పేరు మినాతో.

ఆ ఇంట్లో చేరిన మొదటి వారంలోనే, గిన్నెలు తోముతూ ఆమె మేడమ్‌ను అడిగింది. సగం హిందీ, పావు ఇంగ్లీషు, మిగిలింది చేతులతో. ఇది ఎవరి పేరు? అయ్యగారి నాయనదా? మీ నాయనదా?

ఎవరిదీ కాదంది మేడమ్. వాడిదే.

రామసుబ్బమ్మకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. మీ ఇంట్లో ముందు ఎవరికీ లేదా? లేదు. మరి ఎట్లా పెట్టినారు? దానికి మేడమ్ పిండి జల్లించిన బల్ల మీదే వేలితో ఒక అక్షరం గీసింది. ఎడమ పక్కన మూడు చుక్కలు. అవి నీళ్ళు. పక్కనున్నదంతా వేరే గీతలు. మొత్తం కలిస్తే రేవు. ఎక్కడెక్కడి పడవలో గాలికీ అలకూ తట్టుకోలేక వచ్చి చేరితే, చేర్చుకుని ఊరుకునే చోటు. వాడు కడుపులో ఉండగా మొగుడూ పెళ్ళాం ఎన్నో అక్షరాలు రాసుకుని, పలికి చూసుకుని, చివరికి ఇది ఏరుకున్నారట. ఇప్పుడు జపానులో ఈ పేరు చాలామంది పిల్లలకు ఉందట.

“అప్పుడు నేను ఇంగో మాట అడిగినా లింబాద్రీ. ఈ పేరుండే వాళ్ళను ఎవురన్నా నరికినారా అని.”

“జపానామెను?”

“అడగక! మేడమ్ ముందు నవ్వింది. నాకు హిందీ సరిగా రాలేదనుకునింది. అప్పుడు నా చెయ్యి చూసింది.”

ఆమె చెంబు కింద పెట్టి కుడి చెయ్యి ముందుకు చాపింది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఒక పాత గాటు, చేనులో కాలువ తీసినట్టు. చిటికెన వేలు వంగదు.

“నవ్వడం నిలిపేసి చెప్పింది. నాకు తెలిసినంతవరకు లేదు, ఈ పేరు గలవాళ్ళు అందరూ ఇంకా చిన్నపిల్లలే అని. ఆ మాట నాకు పట్టుకున్యాది. సచ్చినోళ్ళ పేరు కాదప్పా అది. ఇప్పుడు బతికి, బడికి పోయి, ముక్కు కారుస్తాండే పిలకాయల పేరు.”

ఆ తర్వాత ఆమె ఆ పిల్లవాడిని చెయ్యి పట్టుకుని మత్రా రేవు గట్టున ఎన్ని సాయంత్రాలు నడిపించిందో. చేపలమ్మే తారిఖ్ అనే ఒమనీ ముసలాయన వాడి పేరు విని చేతిలో కత్తి పక్కన పెట్టి నవ్వాడు. మా అరబ్బీలో కూడా రేవును మీనా అంటాం, వీడు మా వాడే అన్నాడు. హోషినో వాళ్ళు ఉద్యోగం అయిపోయి వెళ్ళిపోయారు. పేరు మాత్రం ఆమె దగ్గర ఉండిపోయింది.

“గది సరే పెద్దవ్వా. మరి నరుకుడు ముచ్చట ఎందుకడిగినవ్?”

పిల్లవాడిని వెల్లకిలా తిప్పి, ముక్కులో నీళ్ళు పోకుండా నుదుటి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి ఆమె నీళ్ళు పోసింది. నీళ్ళు పోస్తూనే చెప్పింది.

ఆమె అత్తగారింట్లో ఓబయ్య అనే పేరు ఒకటి తిరుగుతూ ఉంటుంది. పెద్ద ఓబయ్యను బావిగట్టు మీద నరికారు. తల బావిలో పడింది, ఈతగాళ్ళు దిగి తీశారు. ఆ యేడు పుట్టిన మగపిల్లవాడికి ఆ పేరు పెట్టారు. నరికించుకున్నవాడి పేరు ఆ ఇంట్లో తర్వాత పుట్టే మగబిడ్డకు పెట్టాలి, అది వాళ్ళ కట్టు. ఉయ్యాల్లో వేసే రోజు ఇంటి పెద్దమగవాడు బిడ్డ చెవిలో మూడుసార్లు ఆ పేరు చెబుతాడు. మూడుసార్లు అయితేనే పేరు అంటుకున్నట్టు. ఆ తర్వాత అన్నం ముద్ద పెట్టేటప్పుడల్లా అడుగుతారు. నీ పేరు ఎవురిది? పెద్దోబయ్యది. పెద్దోబయ్య ఏమైనాడు? నరికినారు. ఎవురు? పిల్లవాడు ఆ పేర్లు చెప్పాలి. చెబితేనే ముద్ద నోట్లోకి పోతుంది.

“అట్ల ముద్దలు తిని పెరిగినోడు నా మొగుడు. మంచోడే నాయనా. నన్ను ఒక దెబ్బ కొట్టలేదు. శనక్కాయలు వలిచి నా ఒళ్ళో పోసేవాడు. అదే చేత్తో నాటుబాంబు ఇసిరి ఒకని కాలు తీసేసినాడు. ఇంగొకన్ని చేన్లో ఉరికిచ్చి నరికినాడు. ఎందుకయ్యా అంటే, నా పేరు నన్ను నిద్రపోనీదు అంటాండె.”

ఆయన వంతు వచ్చిన రోజు ఆమె పక్కనే ఉంది. మిట్టమధ్యాహ్నం బస్సు దిగారు. చంకలో మూడేళ్ళ రామాంజనేయులు. టీ అంగడి దగ్గర నుంచి ఎవరో “ఓబయ్యా” అని తెలిసినవాడిలా పిలిచారు. ఆయన తిరిగి చూశాడు. వేటకొడవలి మొదటి దెబ్బ మెడ మీద, రెండోది దవడ మీద. పిల్లవాడిని బస్సు మెట్ల మీదికి విసిరేసి ఆమె ఆయన మీద పడింది. మూడో దెబ్బ ఆమె చేతికి తగిలింది. ఆమెను జుట్టు పట్టి పక్కకు ఈడ్చేసి, తీరిగ్గా మిగిలిన పని కానిచ్చారు. బస్సు డ్రైవరు బండి ఆపలేదు. కొడుకు అందులో పక్క ఊరి దాకా పోయాడు. ఎవరి కోసం ఈ నరుకుళ్ళన్నీ జరిగాయో ఆ రెండు వర్గాల పెద్దమనుషులూ తర్వాత ఒకే కాంట్రాక్టులో భాగస్తులయ్యారు.

“అమ్మమ్మమ్మ” అన్నాడు లింబాద్రి.

“నన్నూ నా బిడ్డనూ ఆ ఊర్నుంచి బయట పడేసినోడు మా బావ. పెంచలయ్య అని, ఓబయ్యకు అన్న. తాను ముందే ఈడికొచ్చి మేస్త్రీ పని చేస్తాండె. నాకు వీసా తీసినాడు. నా కొడుకును చదివిచ్చినాడు. పెండ్లి చేసుకోలా, పిల్లల్లేరు. వానికి నాయన లేని లోటు తెలీనియ్యలా. అబద్ధం చెప్తే నా నోట్లో పురుగులు పడతాయి. ఆయప్ప నోటినే పోయిన వారం నేను పగలగొట్టింది.”

మనవడు పుట్టిన సంగతి తెలిసి పెంచలయ్య ఫోన్‌లో వెక్కి వెక్కి ఏడ్చాడు. “సుబ్బమ్మా, మళ్ళా నేను ఓబయ్యా అని పిలుస్తా. ఇన్నేండ్లు నా నోరు ఎండిపోయింది” అన్నాడు. ఆ ఏడుపు విన్నాక ఆమె కాదని అప్పుడే చెప్పలేకపోయింది. అంజలిది గోదావరి వైపు, ఇక్కడ క్లినిక్‌లో నర్సు. ఆ పిల్లకు ఈ గొడవలేమీ తెలియవు. మినాతో అనగానే “పలకడానికి బావుందత్తయ్యా” అని ఒప్పుకుంది. రామాంజనేయులు మాత్రం “పెదనాయనకు నువ్వే చెప్పు” అని తల వంచుకున్నాడు. చెబుతా చెబుతా అంటూ ఆమె ఉయ్యాల రోజు దాకా తెచ్చింది.

ఆ రోజు పెంచలయ్య రుస్తాఖ్ నుంచి కొత్త పంచె కట్టుకుని, వెండి మొలతాడు తీసుకుని వచ్చాడు. చీరతో ఉయ్యాల కట్టారు. బిడ్డ కంటే ముందు ఉయ్యాల్లో వేసే రాతి పొత్రానికి పసుపు రాసి సిద్ధం చేశారు. రాయిలాగా బిడ్డ గట్టిగా ఉండాలని. ఆమె రాయిని ఊపి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెంచలయ్య ఎవరినీ అడగలేదు. అడగాలని ఆయనకు తోచను కూడా లేదు. బిడ్డను ఎత్తుకుని చెవి దగ్గర నోరు పెట్టి “ఓబయ్యా” అన్నాడు.

“పెదనాయనా, పేరు వేరేది అనుకుంటిమి” అన్నాడు రామాంజనేయులు.

పెంచలయ్య ఎడమ చేత్తో బిడ్డను పట్టుకుని కుడిచేత్తో రామాంజనేయులు చెంప పగలగొట్టాడు. రెండోసారి ఇంకా గట్టిగా “ఓబయ్యా” అన్నాడు. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మూడోసారికి ముందు ఆ చెవిలోనే, తన తల్లి అడిగిన గొంతుతో అడిగాడు. “నీ పేరు ఎవురిది రా?”

“అంతే లింబాద్రీ. ఒళ్ళో పొత్రం ఉండాదని కూడా నాకు గ్యాపకం లేదు. చెయ్యి లేచింది. ఆయప్ప ముందర పండ్లు పటపటమన్నాయి.”

అంజలి అరుస్తూ బిడ్డను లాక్కుంది. తెల్ల పంచె మీద రక్తం, పసుపు. పెంచలయ్య రామసుబ్బమ్మ జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు, ఒకసారి, ఇంకోసారి. రామాంజనేయులు వెనక నుంచి ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. తనను చదివించిన మనిషి కళ్ళు తేలేస్తున్నా వదల్లేదు. “సంపుతా, సంపుతా” అంటున్నాడు. ఆ మాట, ఆ గొంతు. ఆమె చూస్తుండగానే కొడుకు ముఖంలోకి ఓబయ్య వచ్చి కూర్చున్నాడు. ఆమె కొడుకు చేతిని కొరికి విడిపించింది. ఇల్లంతా పాయసం, గాజుముక్కలు. ఆమె కనుబొమ్మ నుంచి కారే రక్తం పైటతో ఒత్తుకుంటూ కోడలి దగ్గరికి పోయి, ముండమోసినది చెప్పకూడదని తెలిసి కూడా, బిడ్డ చెవిలో మినాతో అంది. మూడుసార్లు అంది. పెంచలయ్య ఉమ్మిన పండ్లను ఏరి తువ్వాల్లో మూట కట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

“ఇప్పుడు పోలీసులొస్తారు. రెండు చీరలు, బీపీ మాత్రలు బ్యాగులో పెట్టుకోని ఉండా. చేసింది నేనే కాబట్టి పోతా. పేరైతే పడింది గదా.”

లింబాద్రి మోకాళ్ళ మీది నుంచి చేతులు తీసేశాడు. “ఆగాగు పెద్దవ్వా. పెంచలయ్య అంటే గా ఫోర్‌మన్ పెంచలయ్యనా? ఎర్ర మోటర్ సైకిల్?”

“ఆయప్పే.”

“ఓరి నీ! మొన్న నేను రుస్తాఖ్‌ల లోడు దించి వస్తుంటె చూసిన. మూతికి గుడ్డ కట్టుకోని సైట్ మీదనే ఉన్నడు. ఏందన్నా అంటే పరంజా మీదికెల్లి పడ్డ అన్నడు. దవాఖాన్ల గూడ గదే చెప్పిండట. కేసు లేదు, పోలీసు లేదు. నీ పానం సల్లగుండ, బతికిపోయినవ్ పో!”

చెంబు ఆమె చేతిలో ఒరిగిపోయింది. నీళ్ళు గచ్చు మీద పారాయి. లోపలి నుంచి ఆవలిస్తూ వచ్చిన అంజలి ఆ మాట విని గడప మీదే నిలబడింది. “పోలీసులు రారా అన్నయ్యా? హమ్మయ్య. దేవుడున్నాడత్తయ్యా.”

“బిడ్డకు చలేస్తాది, తుడుచు” అంది రామసుబ్బమ్మ. కోడలికి బిడ్డను అందించి తడి కాళ్ళతోనే కూర్చుంది. పెళ్ళైన కొత్తలో ఓబయ్య చెవి తెగి ఇంటికి వచ్చాడు. ఏమైందంటే తుమ్మ ముల్లు గీసుకుందన్నాడు. అడిగిన వాళ్ళందరికీ అదే చెప్పాడు. తుమ్మ చెట్టు లేని దారిలో వచ్చిన మనిషి. ఆ యేడు కోతల లోపల చేన్లో శవం లేచింది. స్టేషన్ ముందు కూర్చుని గుండెలు బాదుకునేవాళ్ళంటే ఆమె ఊళ్ళో ఎవరికీ భయం లేదు. వాళ్ళు అరిచి, రాయించి, ఖాళీ అయిపోతారు. పడ్డానని చెప్పేవాడు ఖాళీ కాడు.

“నన్ను తిడతాండాడా?”

“లే.”

“ఏడుస్తాండాడా?”

“లేదు పెద్దవ్వా. సప్పుడే లేదు. ఊరికి మాత్రం రోజూ ఫోన్ మాట్లాడ్తుండట.”

“ఊర్లో మాట్లాడేదానికి ఇంగెవురుండారు ఆయప్పకు? ఆ పాత జనాలు తప్ప.”

“నిన్నేం జేస్తరే ఇక్కడ? ఇది ఒమన్.”

“నన్నేం చేయరు నాయనా. మా వాళ్ళు ఆడదాన్ని మనిషి కింద జమ కట్టరు. నేను కొట్టిన దెబ్బ నా కొడుకు కింద రాస్తారు. వాడు మెడ పట్టినాడు గూడా. వాడు ఎప్పుడో ఒకనాడు ఊర్లో బస్సు దిగాల. వాడు గాకుంటే వీడు దిగాల.” ఆమె గడప వైపు చూపింది. అంజలి బిడ్డను తువ్వాల్లో చుట్టి గుండెకు అదుముకుంది. “పేరు మారిస్తే అయిపోయిందనుకుంటి. రేవు అనుకుంటి. నేనే మళ్ళా వాళ్ళ లెక్కలో ఒక దెబ్బ కలిపి పెట్టినా.”

లింబాద్రి “పోయి కాళ్ళు మొక్కు” అన్నాడు.

“మొక్కితే లేపుతాడు. లేపి, సర్లే సుబ్బమ్మా అంటాడు. అన్నంక కూడా కడుపులో అట్లనే ఉంటాది. నాకు తెలీదా ఆ ఇంటి మగోళ్ళు.”

ఆమె లేచి లోపలికి పోయింది. గిన్నెలు చప్పుడయ్యాయి. మజ్జిగ పోసి చిలికిన రాగిజావ ఫ్లాస్కులో నింపి, మూత బిగించి, తుడిచి తెచ్చింది. లింబాద్రి చేతిలో పెట్టింది.

“నీ లోడు ఇప్పుడు రుస్తాఖ్‌కే గదా?”

“ఆఁ, ఇగ పోవాలె.”

“ఆయప్పకు ముందు ఇది తాపిచ్చు. ఉప్పు తక్కువేసినా, పుండ్లు మండుతాయని. తాగినంక చెప్పు. సుబ్బమ్మ చెప్పమనిందని చెప్పు. పోలీసు స్టేషన్‌కు పోయి నా మింద కేసు పెట్టమను.”

“ఏందే! నీ మీద నువ్వే కేసు పెట్టించుకుంటవా? జైల్ల ఏస్తరు, ఊరికి పంపుతరు.”

“పంపనీ. రాతితో కొట్టింది నేను, పండ్లు రాలగొట్టింది నేను, అడిగినోళ్ళకంతా ఒప్పుకుంటా. ఆయప్ప నోటితో ఆయప్ప ఈడి సర్కారోళ్ళకు చెప్పుకోవాల. చెప్పుకుని, నాకు శిక్ష పడింది చూసి, ఇంగ చాల్లే అనుకోవాల. ఊరోళ్ళతో చెప్పుకుంటే జైలు చాలదు వాళ్ళకు, ప్రాణం కావాల.” ఆమె గొంతు తగ్గించింది. “పో నాయనా. సిగ్గంటాడు, ఇంటి పరువంటాడు, నిన్ను కొట్టనూ కొడతాడు. కొట్టించుకో. ఆయప్పను మాత్రం వదలగాకు. నీ బండ్లోనే ఎక్కిచ్చుకోని, స్టేషన్ గేటు కాడ దించి, లోపలికి పోయేదాకా ఆడే నిలబడు.”